మూడో చెరువు ఎర్ర గీత

"గీత పడిందండి. టైముతో సహా కంప్యూటరే రాసుకుంది, చూడండి," అన్నాడు ఉదయ్‌కుమార్.

తెల్లవారుజామున ఐదూ ముప్పై రెండుకి మూడో చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. ఆ నిమిషంలోనే ప్రోగ్రాము తెర మీద ఎర్ర గీత గీసింది. అది చూసి యజమానికి ఫోన్ చేయాల్సిన నాగదుర్గ చేయలేదు. బాగా వెలుగొచ్చేసరికి చెరువు నిండా రొయ్యలు తేలాయి.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు యజమాని భీమరాజు.

"నాకు కనపడలేదండి," అంది నాగదుర్గ తల దించుకుని.

కళ్ళు తెరుచుకుని నిద్రపోయే మనుషులు తన దగ్గర అక్కర్లేదని, రేపట్నుంచి రావద్దని కూలీలందరి ముందూ చెప్పేశాడు భీమరాజు.

ఉదయ్‌కుమార్‌తో పాటు వచ్చిన సత్యశ్రీకి ఒళ్ళు మండిపోయింది. భీమవరంలో ఉదయ్‌కుమార్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె ఏడాదిగా ప్రోగ్రాములు రాస్తోంది. ఈ ప్రోగ్రాము మాత్రం ఆమె చేరకముందు అతను రాసింది. మనిషి మాట వినకుండా మిషను మాటే వినడమేంటని ఆమె కోపం.

బయటికొచ్చి నాగదుర్గతో మాట్లాడింది. కిందటి నెలలో రెండుసార్లు ఎర్ర గీత చూసి ఫోన్ చేసిందట. రెండుసార్లూ నీళ్ళలో ఉండే మీటరుకి నాచు పట్టి తప్పు చూపించిందని తేలింది. భీమరాజు నలుగురిలో నిలబెట్టి, పిల్లల్ని కూడా కలిపి తిట్టాడట. ఇవాళ తెల్లవారుజామున ఆ టైములో ఇంకేం చేశారని అడిగితే, రోజూలాగే మేత వివరాలు నింపే పేజీ తెరిచి మూశానంది.

ఆఫీసుకి వెళ్ళగానే సత్యశ్రీ ఆ ప్రోగ్రాము తెరిచింది. ఆక్సిజన్ పడిపోయినట్టు కావాలని తప్పుడు అంకె ఇచ్చింది. ఎర్ర గీత పడింది. మేత పేజీ తెరిచి మూసింది. ఆక్సిజన్ గ్రాఫు ఉంది. ఎర్ర గీత లేదు. పదిసార్లు చేసింది. పదిసార్లూ అంతే.

నేరుగా ఉదయ్‌కుమార్ గదిలోకి వెళ్ళింది.

"సార్, గీతని నేరుగా తెర మీద ఒక్కసారి గీసి వదిలేశారు. మీద ఇంకో పేజీ వచ్చి పోతే గ్రాఫు మళ్ళీ గీసుకుంటోంది. గీతని మళ్ళీ గీయమని ఎక్కడా రాయలేదు. పోయిన గీత ఆవిడకెలా కనపడుతుంది?"

అతను ఆశ్చర్యపోలేదు. తొందరలో అలా రాశానని, ఈ వారంలో సరిచేద్దామని, బయటికి పొక్కితే మిగతా చెరువుల వాళ్ళూ తమని మానిపించేస్తారని నెమ్మదిగా చెప్పాడు.

"మరి నాగదుర్గ గారు?"

"ఆవిడకి ఇంకో చెరువు దొరక్కపోదు."

సత్యశ్రీ మెడలోని ఐడీ కార్డు తీసి అతని టేబుల్ మీద విసిరికొట్టింది. ఇల్లు తన జీతం మీదే నడుస్తోందన్న సంగతి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిప్పమనలేదు.

చెరువుల దగ్గర భీమరాజుకి మొత్తం చేసి చూపించింది. అతను కళ్ళార్పకుండా చూశాడు. ఇంకోసారి చేయమన్నాడు. ఆ తర్వాత తనే మౌసు పట్టుకుని పేజీ తెరిచి మూశాడు. గీత పోయింది. అతని ముఖం కందగడ్డలా అయింది. ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత నాగదుర్గని పిలిపించాడు.

"అందరి ముందూ అన్నాను. అందరి ముందే చెబుతున్నాను. తప్పు నాదమ్మా. పనిలోకి రా," అన్నాడు.

నాగదుర్గ ఏడ్చింది. సత్యశ్రీని సాగనంపడానికి గట్టు మీద రోడ్డు దాకా వచ్చింది. సత్యశ్రీ కోపం ఇంకా చల్లారలేదు. చేసిన తప్పు ఇంకొకరి నెత్తిన రుద్ది హాయిగా కూర్చునే మనుషుల్ని దారి పొడవునా తిడుతూనే ఉంది.

"మరి మీ ఉద్యోగం, మేడమ్?" అంది నాగదుర్గ.

"మానేశాను. మీలాంటి మనిషి మీద అబద్ధం మోపినచోట నేనుండలేను."

నాగదుర్గ ఆగిపోయింది. ఆటో వచ్చి నిలబడినా సత్యశ్రీ చెయ్యి వదల్లేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు. అప్పుడు, తల ఎత్తకుండానే అంది.

"ఆ గీత నేను చూశానండి."