ఏ పుస్తకం, ఏ పేజీ

"అమ్మాయ్, చొక్కాకున్న ఈ జేబుని జేబు అనే ఎందుకన్నారంటావ్?"

గ్రంథాలయం తలుపులు తీసి పది నిమిషాలైనా కాలేదు. సమాచారం బల్ల ముందు 'ఎందుకు తాత' అప్పుడే ప్రత్యక్షం.

ఆ పేరు పెట్టింది బల్ల వెనక కూర్చునే అమ్మాయే. ఆర్నెల్లుగా తాత రోజూ వస్తున్నాడు. రోజుకో 'ఎందుకు' తెస్తాడు. ప్రశ్న చీటీ మీద రాసివ్వమంటే, కళ్లజోడు మర్చిపోయానంటాడు. ఆ చీటీ కూడా ఆమే రాసుకోవాలి.

"అరబ్బీ మాట తాతగారూ," అంది తలెత్తకుండా.

"ఏ పుస్తకం? ఏ పేజీ?"

"ఫోనులో ఉంది. చూపించనా?"

"ఫోనుకి పేజీలుంటాయా తల్లీ? రేపెవరైనా కాదు పొమ్మంటే ఏం చూపిస్తావ్, చార్జరా?"

మూల గదిలో సూదికి దారం ఎక్కిస్తున్న బైండరు కిసుక్కుమన్నాడు.

ఆమె విసురుగా లేచింది. లేవక తప్పదు.

వెనక అరలో పన్నెండు సంపుటాల మాటల సూచిక ఉంది. అచ్చు వేసింది కాదు, చేత్తో రాసింది. ఇంట్లో, వీధిలో, పనిలో వాడే ఒక్కో మాటకీ, దాని పుట్టుక ఏ పుస్తకంలో ఏ పేజీలో దొరుకుతుందో అందులో ఉంటుంది. ముత్యాల్లాంటి అక్షరాలు. తలకట్లు మాత్రం ఎగరబోతున్న పిచ్చుక తోకల్లా పైకి లేచి ఉంటాయి.

అది తయారై నలభై ఏళ్లు. రాసిందెవరో ఇప్పుడున్న వాళ్లెవరికీ తెలియదు. పేరున్న మొదటి ఆకు ఎప్పుడో ఊడిపోయింది.

ఆ చేతిరాతంటే ఆమెకి భక్తి. వాళ్లింట్లో కలం పట్టిన మొదటి మనిషి తను. నాన్న దర్జీ. కొలతలన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. ఎవరో ఒక మనిషి, ఎవరూ అడగకుండానే, ఇన్ని వేల మాటల ఆచూకీ రాసిపెట్టాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాదు.

"జేబు... ఇదిగోండి. నాలుగో అర, నీలం అట్ట, నూట పన్నెండో పేజీ."

"తీసి చదువు మరి."

ఇదీ రోజూ వరస. ఒకనాడు సబ్బు, ఒకనాడు ఇస్త్రీ, ఒకనాడు కిటికీ.

గురువారం ఆమె ఓపిక అయిపోయింది.

"తాతగారూ, మీకు దండం పెడతాను. సోమవారం నాకు పరీక్ష. అధికారి అయిదు మాటలు అడుగుతారు. అరగంటలో పుస్తకం, పేజీ చూపించాలి. చూపిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికెళ్లి నాన్న పక్కన బొత్తాలు కుట్టుకోవడమే."

"చూపిస్తావులే."

"ఎలా చూపిస్తాను? పదో సంపుటంలో 'మే'తో మొదలయ్యే మాటలున్న ఆకుని చెదలు తినేశాయి. నాకు ముందున్నాయన్ని సరిగ్గా అక్కడే అడిగి ఇంటికి పంపారట. నా ప్రాణమంతా అక్కడే కొట్టుకుంటోంది. మీకేమో కాలక్షేపం!"



ఆమె ఆగలేదు. "ఈ సూచిక రాసిన మహానుభావుడు మీలాగే ఊసుపోని ప్రశ్నలేసుకుంటూ కూర్చునుంటే, ఒక్క సంపుటమైనా తయారయ్యేదా?"

తాత అర వైపు కాసేపు చూశాడు.

"కాదేమోనమ్మా," అని నవ్వి, చేతికర్ర అందుకున్నాడు.

శుక్రవారం బల్ల దగ్గరికి రాలేదు. శనివారం కూడా రాలేదు. హమ్మయ్య అనుకుంది.

సోమవారం నాలుగు మాటలు పద్దెనిమిది నిమిషాల్లో తేలిపోయాయి. తన వేళ్లు వాటంతటవే సరైన సంపుటం దగ్గరికి వెళ్తుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఆఖరిది. మేస్త్రీ," అన్నాడు అధికారి.

చెదలు తిన్న ఆకులోని మాటే. అయినా వట్టి చేతులతో నిలబడలేక పదో సంపుటం తెరిచింది.

ఆకు ఉంది!

కంగారులో పేజీ అంకె ఒక్కటే చూసుకుని పరిగెత్తింది. పుస్తకం దించింది. గొంతు సవరించుకుని చదివింది.

"పోర్చుగీసు వాళ్ల మాటండి. పనిలో గురువు అని అర్థం."

అధికారి గడియారం చూశాడు. ఇంకా అయిదు నిమిషాలుంది.

"చాలా బాగుంది. ఎవరు నేర్పారమ్మా నీకు?"

"ఎవరూ లేరండీ." ఒక్క క్షణం ఆగింది. "ఒక తాతగారు రోజూ అడిగేవారండి. అంతే."

బయటికి వస్తూనే బైండరు గదిలోకి దూరింది.

"మామా, నీ నోట్లో పంచదార పొయ్యాలి! ఆ ఆకు ఎక్కడ దొరికింది?"

"దొరకడమేంటి? చెదలు తిన్నది మళ్లీ దొరుకుతుందా? తాత రాశాడు. శుక్ర, శని రెండ్రోజులూ వెనక గుమ్మంలోంచి వచ్చి ఇక్కడే కూర్చుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మరీ రాశాడు. ఎదురుగా ఒక్క పుస్తకమూ లేదు, అంకెలు గడగడా వేసుకుంటూ పోయాడు. నేను కుట్టిపెట్టాను. నీకు చెప్పొద్దన్నాడు."

"ఏరీ ఆయన?"

"నిన్ననే కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. చూపు తగ్గిపోతోందట. ఇక రాలేనన్నాడు."

"పేరూ ఊరూ అడిగావా?"

"మనం పెట్టిన పేరుందిగా, దాంతోనే పిలిచాను. నువ్వడగలేదా?"

లేదు. లోకంలో ఉన్న ప్రతి మాట పుట్టుకా అడిగిన మనిషిని, ఆర్నెల్లలో ఆమె ఆ ఒక్క మాటా అడగలేదు.

మెల్లగా వెళ్లి పదో సంపుటం మళ్లీ తెరిచింది.

ఆకు తెల్లగా కొత్తది, సిరా కొత్తది. తలకట్లు మాత్రం అటూ ఇటూ ఉన్న పసుప్పచ్చటి పాత ఆకుల్లో లాగే, ఎగరబోతున్న పిచ్చుక తోకల్లా పైకి లేచి ఉన్నాయి.