ఎవరూ నాటని టమాటలు

"గీ కంపు ప్లాంటును బంద్ పెట్టిస్త!" అంటూ కాలనీ సంఘం అధ్యక్షుడు వంశీధర్‌రావు ముక్కుకు రుమాలు కట్టుకొని, కరీంనగర్ శివారులోని మురుగునీటి శుద్ధి కేంద్రానికి వచ్చాడు. చేతిలో నలభై సంతకాల అర్జీ.

ఆపరేటర్ వందన ప్లాంటంతా తిప్పి చూపించింది. చివర్న వాగులోకి పోతున్న నీళ్లు తేటగా ఉన్నాయి. రుమాలు మెడ మీదికి జారింది.

వెనక నల్లమట్టి మడుల్లో టమాట చెట్లు విరగకాసి ఉన్నాయి. "సార్, అవి..." అని వందన అనేలోపే ఆయన ఒకటి తెంపి, చొక్కాకు తుడిచి కొరికాడు.

"అబ్బ! గిసొంటి పులుపు నాటు టమాటకే ఉంటది. ఇత్తనాలు ఏడ తెచ్చినవ్ బిడ్డా?"

"మేం తేలే సార్. మీ కాలనీ నుంచే వస్తయి."

"మా కాలనీల ఎవరు అమ్ముతరు?"

"అమ్మరు సార్. ఆ మడులల్ల ఉన్నది మట్టి కాదు, మురుగుల మిగిలిన బురద. మీరు తిన్న టమాటల గింజలు కడుపుల అరగవు. పొద్దుగాల పైపులల్ల పడి మా దాంక వస్తయి."

వంశీధర్‌రావు దవడలు ఆగిపోయాయి. చేతిలో సగం టమాటే మిగిలింది.

"మింగిన సగం గురించి ఫికర్ చెయ్యకుండ్రి సార్," అంది వందన. "ప్లాంటు బంద్ కాకుంటే, రేపు మళ్ల మా దగ్గరికే వస్తది."