జడల అల్లిక

మఫ్లరు మళ్ళీ పెరిగింది.

ఆవిడ దాన్ని ఒళ్ళో పరుచుకుని, కళ్ళజోడు సవరించుకుని చూసింది. కింది భాగం తనదే, అనుమానం లేదు. ఒకచోట బిగుసుకుపోయి, ఒకచోట వదులై, మధ్యలో ముడులు జారిన చిల్లులతో కుక్క పీకిన గోనెసంచిలా ఉంది. దాని పైన మాత్రం ఎవరో చెయ్యి తిరిగినవాళ్ళు అల్లారు. ఊలు పాయలు ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ, నున్నగా దువ్వి వేసిన జడల్లా పైకి పోతున్నాయి.

తనకింకా ఉల్టా అల్లికే సరిగా రాదు. ఇంట్లోకి వచ్చేవాళ్ళలో సూదులు పట్టడం తెలిసిన మనిషి ఇంకెవరు? అల్లికలు నేర్పడానికి వచ్చే టీచరే.

ఆ టీచరంటే ఆవిడకి మొదటినుంచీ గిట్టదు. వచ్చిన ప్రతిసారీ పాఠం మొదటికే తెస్తుంది. సూదికి ముడులు ఎక్కించడం, సీదా అల్లడం, ఉల్టా అల్లడం. అక్కణ్ణుంచి బండి కదలదు.

“జడలెప్పుడు నేర్పుతావమ్మా?” అని అడిగితే, “వస్తాయి, తొందరేముంది” అని మొహం పక్కకి తిప్పుకుంటుంది. నవ్వు ఆపుకోవడానికే అయి ఉంటుంది.

చనువు కూడా ఎక్కువే. అల్లడంలో వేళ్ళు తడబడితే తన చేతుల మీద చేతులు వేసేస్తుంది. వెనక్కి లాక్కున్నా ఏమీ అనుకోదు. వంటింట్లోకి చొరవగా పోయి టీ పెడుతుంది. చక్కెర డబ్బా ఎక్కడుందో అడగను కూడా అడగదు. “మీరు” అంటూనే మధ్యలో నోరు జారి “నువ్వు” అనేస్తుంది. ఒకసారి కసురుకుంటే, “తప్పయిందమ్మా” అని తల వంచుకుంది. ఆ మెత్తదనమే ఆవిడకి నచ్చలేదు. ఏ తప్పూ లేనివాళ్ళయితే ఒక మాట ఎదురు చెప్పరా?

ఇంతకు ముందు వచ్చిన టీచరూ ఇంతే. బట్టలన్నీ తన సొంతంలా సర్దబోతే మాన్పించేసింది.

అన్నిటికన్నా ఆవిడకి ఒళ్ళు మండేది భర్త సంగతి. ఆయన ఆ పిల్ల పక్షమే. “తిన్నావా తల్లీ?” అంటాడు. గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరూ గుసగుసలాడుకుంటారు. తను కనిపించగానే నోళ్ళు మూతపడతాయి.

“ఏం మాట్లాడుకుంటున్నారు?” అని నిన్న నిలదీసింది.

“ఏం లేదు. ఎండలు ముదిరాయి అంటున్నాను” అన్నాడాయన.

ఎండల గురించి గుసగుసలెందుకు?

నిన్ననే ఒక పని చేసింది. తను అల్లడం ఆపిన వరసకి గుర్తుగా ఎర్రదారం కట్టింది. పొద్దున చూస్తే ఆ దారం పైన బెత్తెడు జడలు వచ్చి కూర్చున్నాయి. దాంతో ఇవాళ ఇంకో మెట్టు ఎక్కింది. భోజనం కాగానే మఫ్లరునీ, సూదుల్నీ, ఊలు ఉండనీ బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని నడుం వాల్చింది.

లేచి తీసి చూస్తే ఇదీ వరస. ఇంకో జానెడు పెరిగింది. తాళంచెవి దోపుకున్నచోటే ఉంది.

అంటే మారుతాళం చేయించారన్నమాట. ఎందుకు? తన చేతకానితనాన్ని తనకే చూపించి నవ్వుకోవడానికా? లేక తనకి మతి చెడిందని నలుగురిలో పెట్టడానికా? ఆ రెండో ఆలోచన రాగానే ఆవిడ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

టీచర్ గదిలోకి వచ్చేసరికి మఫ్లరు మంచం మీద పరిచి ఉంది.

“కూర్చోకు” అంది ఆవిడ. “ఇది ఎవరు అల్లారు?”

టీచర్ వంగి, జడల మీద వేలితో నిమిరింది.

“ఎంత బాగా వచ్చిందో” అంది.

“అడిగినదానికి చెప్పు. నువ్వేనా?”

“నాకింత బాగా రాదమ్మా.”

“నేర్పేదానివి, నీకు రాదా? ఎవరితో చెబుతున్నావ్?”

టీచర్ ఆయన వైపు చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా తరగని దుమ్మేదో పట్టినట్టు తుడుస్తూనే ఉన్నాడు.

“ఆయన్ని చూస్తావేం? అల్లికల సంగతి ఆయనకేం తెలుసు? మా ఆయన్ని బుట్టలో వేసుకుని నన్ను పిచ్చిదాన్ని చేద్దామనుకున్నావు. రేపటినుంచి రాకు.”

“సరేనమ్మా.” టీచర్ మఫ్లరుని మడతపెట్టి మంచం మీదే ఉంచింది. “రేపు వేరే టీచర్ని పంపిస్తాను.”

“కాస్త పద్ధతి తెలిసినదాన్ని పంపు. ఇల్లు తనదన్నట్టు తిరిగేవాళ్ళు నాకొద్దు.”

“అలాగే.”

టీచర్ గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకి ఆవిడ మనసు ఒక్క క్షణం మెత్తబడబోయింది. ఈ పిల్లని ఎక్కడో చూశానే అనిపించింది. వెంటనే సర్దుకుంది. ఇలాంటి మొహాలు పెట్టే కదా జనాన్ని లొంగదీసుకుంటారు.

ఆయనా ఆ పిల్ల వెనకే వెళ్ళాక, ఆవిడ గది తలుపు వేసి గడియ పెట్టింది. గెలిచినట్టే ఉంది. కానీ అనుమానం తీరలేదు. చప్పుడు కాకుండా తలుపుకి చెవి ఆనించింది.

హాల్లో ఎవరో ఏడుస్తున్నారు. టీచరే. దొరికిపోయాక ఏడవక ఏం చేస్తుంది, అనుకుంటూ ఆవిడ విన్నది.

“ఆ జడలన్నీ అమ్మే అల్లింది నాన్నా, చిన్నప్పుడు నా చేతులు పట్టుకుని నేర్పిన అల్లికే; ఆ వేళ్ళకి అంతా గుర్తుంది, నేనే గుర్తు లేను.”