పొగమనుషులు

"ఇంకా కడగలేదండీ మేస్త్రీగారూ. ఈ పెద్ద ఫిల్ములతో ఆలస్యమవుతుంది మరి."

ఫోన్ పెట్టేసి బుజ్జి తల దించుకుంది. స్టూడియోలో ఓ మూల లెన్సు తుడుచుకుంటున్న బాబాయి తలెత్తి చూడలేదు. ఆ చూడకపోవడమే ఆమెకు మరీ గుచ్చుకుంది.

ఫిల్ము ఎప్పుడో కడిగేసింది. పాడైన సంగతి తెలిసిందీ అప్పుడే.

నూలుమిల్లు మూతపడుతోందంటే, ఆఖరి రోజున పనివాళ్ళందరినీ కలిపి ఒక ఫొటో తీసిపెట్టమని మిల్లు మేస్త్రీ వచ్చి అడిగాడు. బాబాయికి మోకాళ్ళు పట్టేశాయి. స్టాండు మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని చూసే తన పెట్టెకెమెరాను మొదటిసారి ఆమె ఒక్కదాని చేతిలో పెట్టాడు.

"తొందరపడకు. ఆన్సెల్ ఆడమ్స్ అని అమెరికా ఫొటోగ్రాఫరు ఇలాంటిదే మోసుకుంటూ కొండలెక్కి, మిగిలిన ఆఖరి గాజుపలక మీద గొప్ప బొమ్మ తీశాడు. జర్మనీలో ఆగస్ట్ జాండర్ అయితే ఇటుకలు మోసేవాణ్ణి కూడా మహారాజులా నిలబెట్టాడు. ఒక్కో బొమ్మకి ఒక్కో ఫిల్ము. ఒకటి తీశాక కెమెరా వెనక ఫిల్ముపెట్టెను తీసి, తిప్పి రెండో వైపు పెట్టాలి, మరిచిపోకు."

"అవన్నీ నాకు కంఠతా వచ్చు బాబాయ్!"

కంఠతా వచ్చినదే మరిచిపోయింది. మేస్త్రీ జనాన్ని పోగుచేసేలోపు, వెలుగు చూసుకుందామని ఇటుకగోడనీ దాని ముందున్న బెంచీలనీ ఓ బొమ్మ తీసింది. నల్లకోటు పెద్దాయనొకడు అప్పటికే వచ్చి బెంచీ చివర కూర్చుంటే, కదలొద్దని చెప్పి, ఆయన కోటు గుండీల మీదే ఫోకస్ కుదుర్చుకుంది. ఆ తర్వాత మిల్లు మిల్లంతా వచ్చి పడింది. తోపులాటలు, వెక్కిరింతలు, మధ్యలో ఎవరిదో ఏడుపు. ఆ హడావుడిలో ఫిల్ముపెట్టె తిప్పకుండానే నొక్కేసింది.

కడిగి చూస్తే మనుషుల గుండెల్లోంచి ఇటుకలు కనిపించాయి. అంతకుమించి చూసే ధైర్యం లేక ఫిల్మును సొరుగులో పడేసింది. మళ్ళీ తీద్దామా అంటే మిల్లుకి తాళం, మనుషులు తలో దిక్కు.

మర్నాడు మేస్త్రీయే వచ్చాడు, ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని.

"మా ఆయన పోయాడమ్మా," అందామె. "పెళ్ళినాటి ఫొటో తప్ప ఇంట్లో ఇంకొకటి లేదు. మిల్లు ఫొటోలో ఉన్నాడన్నారు. ఒక్కసారి చూసి పోదామని."

ఇక బుజ్జికి అబద్ధం నోట రాలేదు. "తప్పు నాదేనండీ. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీశాను. అందరూ పొగలా వచ్చారు. కడగలేదని ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను."

మేస్త్రీ తిట్టినా బాగుండేది. "మాకు మిగిలింది అదొక్కటే కదమ్మా," అని కుర్చీలో కూలబడ్డాడు. బాబాయి లేచి కుంటుకుంటూ వెళ్ళి చీకటిగది తలుపు తీశాడు.

"పొగైతే పొగే," అంది పెద్దావిడ. "చూపించు."

ఎర్రదీపం కింద, ఆ ఫిల్ములోంచి వెలుగు పట్టించిన కాగితాన్ని బుజ్జి మందునీళ్ళలో ముంచింది. ముందుగా ఒక నల్లకోటు తేలింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు, ముఖం. చుట్టూ మెల్లగా పొగలాంటి మనుషులు, వాళ్ళలోంచి గోడ. ఆ కోటులోంచి మాత్రం ఒక్క ఇటుకా కనిపించలేదు. రెండుసార్లూ అక్కడే, అలాగే కూర్చున్న మనిషి ఆయనొక్కడే.

"మా ఆయనే," అంది పెద్దావిడ, తడి కాగితం మీదకి వంగి.

బుజ్జి ఆ కోటు గుండీల వైపు చూసింది. "అంతమంది తోసుకుంటుంటే, అంతసేపు రాయిలా ఎలా కూర్చున్నారండీ?"

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

"కదలొద్దన్నావట తల్లీ, మళ్ళీ కదలమని చెప్పలేదట."