ఎండిన పైన్ చెట్టు

మోంటానా కొండల్లో గుర్రాల మీద తిరిగేవాళ్లకు వెర్లా పాఠం చెబుతోంది. బెరడు ఊడి ఎండిపోయిన పైన్ చెట్టొకటి చూపించింది.

"గుర్రాన్ని చెట్టుకు కట్టొద్దు. బెరడు కొరుకుతుంది, డెక్కలతో వేళ్లు తవ్వేస్తుంది. రెండు చెట్ల మధ్య ఎత్తుగా తాడు లాగి, దానికి కట్టండి."

డ్వైట్ అప్పటికే తన గుర్రాన్ని పక్క చెట్టుకు కట్టేసి కూర్చున్నాడు.

"ఒక్క పూటకి అడవేం అరిగిపోదులెండి మేడమ్! ఇంతకీ ఆ ఎండిన చెట్టుని చంపిన ఘనుడెవరు?"

"నేనే," అంది వెర్లా. "మా అబ్బాయి ఏటి వరదలో కొట్టుకుపోయాడు. నాలుగు రోజులు ఒడ్డెంట వెతికాను. గుర్రం ఈ చెట్టుకే కట్టేసి ఉండిపోయింది. దానికి నీళ్లు పెట్టడం తప్ప ఇంకేం తోచలేదు."

తాడు ముడి ఎలా వేయాలో చెప్పినట్టే చెప్పింది.

డ్వైట్ లేచి కట్టు విప్పాడు. గుర్రాన్ని నడిపించుకుంటూ ఎండిన చెట్టు కిందికి వచ్చాడు.

"దొరికాడా అమ్మా?"

"టోపీ దొరికింది. వెళ్లిపోదామని వచ్చేసరికి గుర్రం ఈ చెట్టు మొదట్లో మోకాటిలోతు గుంట తవ్వి ఉంది. టోపీ అందులో పెట్టి మట్టి కప్పాను."

మిగతావాళ్ల వైపు తిరగబోతూ అంది:

"మీ గుర్రాన్ని కాస్త పక్కకు జరపండి. దాని మీదే నిలబడింది."