వణుకు

బ్రేకు మీద కాలు పెట్టగానే లారీ ఒళ్లంతా జలదరించినట్టు వణికింది.

"చూశావా బావా? ఇదే!" అన్నాడు డ్రైవరు.

పక్కన కూర్చున్న మెకానిక్ బావ ముందుకు వంగాడు. "ఏదీ, మళ్లీ తొక్కు."

మళ్లీ తొక్కితే లారీ ఏమీ ఎరగనట్టు మెత్తగా ఆగింది.

"నన్ను చూసి సిగ్గుపడినట్టుంది," అన్నాడు బావ. కానీ అతని మొహంలో నవ్వు లేదు.

అది పాత లారీ. మధ్యలో కోయించి, ఇనుప ముక్క అతికించి, పొడుగు చేయించాడు డ్రైవరు. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత పట్టుకుంది ఈ వణుకు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

బావ బ్రేకు లైనింగులు మార్చాడు. డ్రమ్ములు చెక్కించాడు. చక్రాలన్నీ విప్పి బేరింగులు చూశాడు. షెడ్డులో ఏ లోపమూ కనబడదు. రోడ్డెక్కితే మళ్లీ మామూలే.

త్వరలో బావ వాళ్లు ఇల్లు మారాలి. సామానుతోపాటు బావ భార్యా పిల్లలూ ఈ లారీలోనే కొండ దిగాలి.

"మీ అక్కని ఇందులో ఎక్కించాలంటే ముందు నాకు గుండె నిబ్బరం కావాలి," అన్నాడు బావ. "ఇసుక బస్తాలు వేసుకుని కొండ రోడ్డు మీద ఒకసారి చూద్దాం. నేను నడుపుతా."

పట్టపగలే కొండ మీద పొగమంచు కమ్మేసింది.

"బావా, వచ్చే మలుపులో ఎవరు చెయ్యెత్తినా ఆపకు," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి.

"ఎవరెత్తుతారు?"

"అక్కడ ఒక లారీ లోయలో పడింది. అప్పట్నుంచి ఒక ఆడమనిషి కనబడుతోందట. ఆవిడ మనిషి కాదని డ్రైవర్లందరూ..."

మాట పూర్తి కాకుండానే మంచులోంచి ఒక చెయ్యి లేచింది.

బావ కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. లారీ వణికి, ఆగింది.

డ్రైవరు గడియ వెయ్యబోయేలోగా బయటినుంచి తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, బక్కచిక్కిన ఒళ్లు. ఆవిడ పైకెక్కి కూర్చుంది. డ్రైవరు బావకు అతుక్కుపోయాడు. మోచేతికి తగిలిన ఆమె చెయ్యి మంచుగడ్డలా ఉంది.

ఆవిడ చెప్పులు విడిచి, పాదాలు నేలకు ఆనించి, కళ్లు మూసుకుంది.

"పోనీ నాయనా."

మలుపు వచ్చింది.

"ఇప్పుడు వణుకుతుంది," అందామె.

బావ బ్రేకు తొక్కాడు. వణికింది.

ఇంకో మలుపు.

"ఇప్పుడు వణకదు."

వణకలేదు.

బావ ఆవిడ వైపు ఓరగా చూశాడు. "ఎలా తెలుస్తోందమ్మా మీకు?"

ఆమె వినిపించుకోలేదు. "ఎడమకి తిరగాలి. బండిలో బరువుండాలి. బ్రేకు పడాలి. మూడూ కలిస్తేనే వస్తుంది. చక్రాల్లో ఏమీ లేదు, నడుములో ఉంది. అతుకు నోరు తెరుస్తోంది."

"ఎవరమ్మా మీరు?"

"ఇక కిందికి దిగొద్దు. మెల్లగా వెనక్కి తిప్పుకోండి. నన్ను ఇక్కడ దించు."

దిగింది. ఇద్దరూ తొంగి చూసేసరికి అక్కడ మంచు తప్ప మరేమీ లేదు.

"చెప్పానా బావా..." డ్రైవరు ఇప్పుడు లారీకంటే ఎక్కువ వణుకుతున్నాడు.

పాకుతున్నట్టుగా షెడ్డు చేరారు. బస్తాలు దించకుండానే బావ కిందికి దూరి, అతుకు మీది రంగు గీకాడు.

వెంట్రుకంత పగులు. ఇనుప దూలంలో సగం దాకా పాకింది. బరువు ఒకపక్కకు ఒరిగినప్పుడు బ్రేకు పడితే విచ్చుకుని, వెనక ఇరుసును పక్కకు లాగుతోంది. మలుపు దాటగానే మూసుకుపోతోంది.

"కొండ దిగుంటే లారీ రెండు ముక్కలయ్యేది," అన్నాడు బావ.

ఇంటికెళ్లి చెబితే అక్క నోరు తెరుచుకుని విన్నది.

"చెయ్యి అంత చల్లగా ఉందంటున్నావు. కప్పుకోవడానికి ఏమన్నా ఇచ్చార్రా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"దెయ్యానికి దుప్పటేంటక్కా!" అన్నాడు డ్రైవరు. బావ కూడా పకపకా నవ్వాడు.

అక్క నవ్వలేదు.

ఆ కబురు డ్రైవరు ప్రతి టీకొట్లోనూ చెప్పాడు. విన్నవాళ్లు ఇంకో నలుగురికి చెప్పారు. అదివరకు ధైర్యవంతులెవరైనా ఆపేవాళ్లేమో కానీ, ఆ తర్వాత ఆ మలుపులో బళ్లన్నీ అద్దాలు బిగించుకుని దూసుకుపోవడం మొదలైంది.

చలి ముదిరిన రోజుల్లో ఒక ఉదయం, బాగు చేయించిన లారీతో డ్రైవరు అటుగా వెళ్తుంటే మలుపు దగ్గర జనం కనబడ్డారు. రోడ్డు పనివాళ్లు. పగలే కదా అని ఆపి, దిగాడు.

బండరాళ్ల వెనక ఒక రేకుల పాక ఉంది. దాని ముందు ఒక శవం.

మొహం చూడగానే డ్రైవరు గుర్తుపట్టాడు, ఆ రోజు లారీ ఎక్కిన ఆవిడే.

"మేమిక్కడ ఉన్నన్నాళ్లూ మేమే తిండి పెట్టేవాళ్లం," అన్నాడు పనివాళ్ల మేస్త్రీ. "పక్క రోడ్డు పనికి పోయొచ్చేసరికి ఇలా అయింది. జ్వరం తగిలి, ఆస్పత్రికి పోదామని రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తుతూనే ఉందట. అవతలి కొండ మీంచి మేకల కాపరి చూశాడు. ఏ బండీ ఆగలేదట."

"ఈవిడ... మనిషేనా?" అన్నాడు డ్రైవరు.

మేస్త్రీ వింతగా చూశాడు. "మనిషి కాక? దిగే లారీల్లో రెండు మూడు మలుపులదాకా ఎక్కి, బ్రేకు ఎలా పడుతోందో చూసి దిగిపోయేది. ఎవరూ పెట్టని కాపలా."

"ఎందుకు?"

మేస్త్రీ శవం మీద గుడ్డ సరిచేశాడు.

"ఇక్కడ లోయలో పడిన లారీ డ్రైవరు భార్యన్నా ఈవిడ. మొగుడు పోయాడు, తను బతికింది. బండి వణుకుతోంది, దిగొద్దని ఆ రోజు మొగుడి పక్కన కూర్చుని చెబుతూనే ఉందట."