పట్టిసీమ మెట్ల మీద

"బోర్లా పడుకోండమ్మా," అన్నారు డాక్టరుగారు.

ఆడపడుచు రత్నమాణిక్యం చెయ్యి అందించబోయింది. నాగశ్రీ చూడనట్టే కుంటుకుంటూ వెళ్లి మంచమెక్కింది.

డాక్టరుగారు కుడి పిక్క నొక్కారు. పాదం కదిలింది. ఎడమ పిక్క నొక్కితే పాదం కదల్లేదు.

"ఎలా జరిగిందమ్మా?"

"పట్టిసీమ గుడి మెట్లు దిగుతుంటే వెనక నుంచి మడమ మీద తన్నారండి. టప్పుమని చప్పుడు కూడా అయింది. నా వెనకున్నది ఈవిడొక్కతే."

ఆ రోజు రేవులో అందరి ముందూ రత్నమాణిక్యం తమ్ముడు, "ఇక మా గుమ్మం తొక్కకు అక్కా," అన్నప్పుడు ఆవిడ, "నేను తన్నలేదురా," అంది. ఇవాళ అతను రొయ్యల చెరువు వదిలి రాలేకపోతే, ఎవరూ పిలవకుండానే ఆటో తీసుకొచ్చింది ఆవిడే.

డాక్టరుగారు మడమ పైన వేలితో తడిమారు. అక్కడ గుంట పడి ఉంది.

"మిమ్మల్నెవరూ తన్నలేదమ్మా. పిక్కని మడమకి కలిపే స్నాయువు తెగింది. అది తెగినప్పుడు చాలామందికి ఇలాగే వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు కూడా ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు. దీనికి ఆపరేషన్ చెయ్యాలి."

నాగశ్రీకి ఆపరేషన్ మాట చెవికెక్కలేదు.

"వదినా..." అంది దిండులో మొహం దాచుకుని.

రత్నమాణిక్యం ఆమె చీర కుచ్చెళ్లు సర్దుతూ డాక్టరుగారి వైపు తిరిగింది.

"ఇదే మాట మా తమ్ముడికి ఫోన్ చేసి చెబుతారాండీ? నేను చేస్తే వాడు ఎత్తడంలేదు."